పర్యాటకం పెరగడానికి కేంద్ర ప్రభుత్వం ఏం చేస్తుంది, ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మంచి చోటు చూసి వచ్చినవాళ్లు సాధారణంగా చెప్పే మాటలు రెండు. చోటు అద్భుతంగా ఉంది, వసతులు మాత్రం అధ్వానం. వెంటనే ‘ప్రభుత్వం ఏం చేస్తోంది?’ అన్న ప్రశ్న వస్తుంది. ఏ ప్రభుత్వం, ఏ శాఖ, ఏ పథకం అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఈ పేజీ అందుకోసమే. ఇందులో ప్రధానంగా కేంద్రం పాత్ర గురించి చెప్పాం, ఉదాహరణలు ఎక్కువగా తెలుగు రాష్ట్రాల నుంచే తీసుకున్నాం. అభిప్రాయం చెప్పాల్సిన చోట దాచుకోలేదు.

పర్యాటకం కేంద్రం పరిధిలోకి వస్తుందా, రాష్ట్రం పరిధిలోకా?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని మూడు జాబితాల్లోనూ పర్యాటకం అనే పేరుతో అంశమే లేదు. దానికి సంబంధించిన పనులు మాత్రం కేంద్ర, రాష్ట్ర జాబితాల నిండా ఉన్నాయి. పాస్‌పోర్టులు, వీసాలు, రైల్వేలు, విమానయానం, జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. భూమి, పోలీసు, ప్రజారోగ్యం, సత్రాలు, దేశం లోపల చేసే తీర్థయాత్రలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విదేశాలకు వెళ్లే తీర్థయాత్రలు మళ్లీ కేంద్రానివే. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా పార్లమెంటు గుర్తించిన పురాతన కట్టడాలను కేంద్రం చూసుకుంటుంది.

ఒక విదేశీయుడు రామప్ప గుడి చూడటానికి వచ్చాడనుకుందాం. అతనికి వీసా ఇచ్చేది కేంద్రం. దిగిన విమానాశ్రయానికి నియమాలు పెట్టేది కేంద్రం. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా వెళ్లే 163వ నంబరు రహదారి జాతీయ రహదారి. గుడి భారత పురావస్తు శాఖ చేతిలో ఉంది. పక్కన చెరువుగట్టున బస చేస్తే ఆ వసతి రాష్ట్ర పర్యాటక సంస్థది, ఎక్కిన బస్సు రాష్ట్ర ఆర్టీసీది. దారిలో పర్సు పోతే ఫిర్యాదు తీసుకునేది రాష్ట్ర పోలీసులు. గుడి బయట చెత్త ఎత్తాల్సింది పంచాయతీ. ఇంతమందిలో ఏ ఒక్కరు చేయి దించినా అతను దేశం మొత్తాన్నే తప్పు పట్టి వెళ్తాడు.

కేంద్రం మాత్రమే చేయగలిగిన పనులు ఏమిటి?

వీసా విధానం, విమాన మార్గాలపై ఇతర దేశాలతో ఒప్పందాలు, జీఎస్టీ మండలిని నడిపించడం, ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం యునెస్కోకు ప్రతిపాదనలు పంపడం, విదేశాల్లో దేశం మొత్తానికి ప్రచారం చేయడం. వీటిలో దేన్నీ ఏ రాష్ట్రమూ సొంతంగా చేయలేదు. అందుకే కేంద్ర పర్యాటక శాఖను దాని బడ్జెట్‌తో మాత్రమే కొలవకూడదు. 2025-26లో ఆ శాఖకు కేటాయించింది సుమారు 2,541 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద దేశానికి అది చిన్న మొత్తమే. హోంశాఖ వీసా నిబంధన ఒకటి మారిస్తే, పౌర విమానయాన శాఖ ఒక మార్గానికి రాయితీ ఇస్తే కలిగే ప్రభావం పర్యాటక శాఖ ఖర్చుపెట్టే సొమ్ముకంటే చాలా పెద్దది. పర్యాటక మంత్రి అసలు పని మిగతా మంత్రులను ఒప్పించడమేనని నా అభిప్రాయం.

ఇందుకు ఉడాన్ పథకం మంచి ఉదాహరణ. చిన్న ఊళ్లకు విమానాలు నడిపితే వచ్చే నష్టాన్ని కొంతవరకు ప్రభుత్వం భరిస్తుంది. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద తొలి విమానాలు బయలుదేరాయి. సిమ్లా-ఢిల్లీ విమానంతో పాటు ఆ రోజు మొదలైనవాటిలో కడప-హైదరాబాద్ సర్వీసు కూడా ఉంది. గండికోట, ఒంటిమిట్ట చూడాలనుకునే దూరప్రాంతాల వాళ్లకు ఆ ఒక్క విమానం రోజంతా చేయాల్సిన ప్రయాణాన్ని తగ్గించింది. అలాగే 2017లోనే విశాఖపట్నం-అరకు రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ బోగీని తగిలించారు. ఆ రైలు దారి, సొరంగాలు, లోయలు అంతకుముందూ ఉన్నవే. వాటిని చూసేందుకు వీలైన కిటికీ ఒకటి వచ్చింది, బోగీకి గిరాకీ పెరిగింది.

ప్రభుత్వమే హోటళ్లు ఎందుకు నడిపింది?

అప్పట్లో నడిపేవాళ్లు లేకపోవడం వల్ల. ఈ రంగం మీద సర్కారు తొలి ఆలోచన స్వాతంత్ర్యానికి ముందే, 1945లో సర్ జాన్ సార్జెంట్ కమిటీతో మొదలైంది. 1958లో విడిగా పర్యాటక విభాగం ఏర్పడింది. 1956లో ఢిల్లీలో యునెస్కో మహాసభ జరిగినప్పుడు వచ్చే ప్రతినిధులకు తగిన హోటలు లేదు, దాంతో అశోక హోటల్ కట్టారు. 1966లో భారత పర్యాటకాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీసీ, పుట్టింది. తొలి జాతీయ పర్యాటక విధానం 1982లో, ఆసియా క్రీడలు జరిగిన ఏడాదే వచ్చింది. 2002లో రెండో విధానంతో పాటే ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ ప్రచారం కూడా మొదలైంది.

అప్పటికి పరిస్థితి మారింది. ప్రైవేటు పెట్టుబడి వచ్చింది, 2001-03 మధ్య ఐటీడీసీ హోటళ్లు చాలావాటిని అమ్మేశారు. పడకలు, భోజనాలు చూసుకునేవాళ్లు ఇప్పుడు దండిగా ఉన్నారు. హోటలు యజమాని ఎంత డబ్బున్నా చేయలేనివి ఊరికి మంచినీరు, మురుగు కాలువ, రాత్రి వెలుగు, రోడ్డు. ప్రభుత్వం శ్రద్ధ అటు మళ్లాలి.

స్వదేశ్ దర్శన్, ప్రసాద్ పథకాల మధ్య తేడా ఏమిటి? మనకు వాటి నుంచి ఏం వచ్చాయి?

రెండూ 2014-15లో మొదలైనవే, రెండింటికీ కేంద్రమే డబ్బిస్తుంది. ఒక ఇతివృత్తం చుట్టూ అనేక చోట్లను కలిపి వలయంగా అభివృద్ధి చేయడం స్వదేశ్ దర్శన్ ఉద్దేశం. ప్రసాద్ పథకం పుణ్యక్షేత్రాల వద్ద యాత్రికుల సౌకర్యాల కోసం. స్వదేశ్ దర్శన్ తొలిదశలో దేశమంతటా 76 ప్రాజెక్టులకు సుమారు 5,288 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌కు కాకినాడ-హోప్ ఐలాండ్-కోరింగ తీర వలయం, నెల్లూరు-పులికాట్ తీర వలయం, శాలిహుండం నుంచి తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు వరకు బౌద్ధ వలయం వచ్చాయి. తెలంగాణకు సోమశిల, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం కలిపి ఉమ్మడి మహబూబ్‌నగర్ పర్యావరణ వలయం, ములుగు-లక్నవరం-మేడారం-బొగత గిరిజన వలయం, హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధులు, పైగా సమాధులు ఉన్న వారసత్వ వలయం వచ్చాయి. ప్రసాద్ కింద అమరావతి, శ్రీశైలం, సింహాచలం, అన్నవరం, అలంపురం జోగులాంబ, భద్రాచలం, రామప్ప ఉన్నాయి.

శ్రీశైలంలో 43 కోట్ల రూపాయలతో చేసిన పనులను 2022 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రారంభించారు. వాహనాలు నిలిపే చోటు, యాత్రికుల సౌకర్య కేంద్రం, ఆరుబయలు ప్రదర్శనశాల, దీపాలంకరణ, ధ్వని-కాంతి ప్రదర్శన అందులో ఉన్నాయి. ఈ జాబితాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది వాహనాలు నిలిపే చోటే. శివరాత్రికి ఘాట్ రోడ్డులో గంటల తరబడి ఇరుక్కుపోయిన కుటుంబాలను అడిగితే కారణం తెలుస్తుంది.

గండికోట, రాజమహేంద్రవరం, రామప్ప, సోమశిలకు వచ్చిన కొత్త డబ్బు అప్పా, గ్రాంటా?

అప్పే, కానీ వడ్డీ లేని అప్పు. తీర్చడానికి 50 ఏళ్ల గడువు ఉంది. రాష్ట్రాల మూలధన పెట్టుబడికి ఇచ్చే ప్రత్యేక సహాయం కింద 2024 నవంబరులో 23 రాష్ట్రాల్లో 40 ప్రాజెక్టులకు కేంద్రం సుమారు 3,296 కోట్లు ఆమోదించింది. అందులో అఖండ గోదావరి ప్రాజెక్టుకు 94.44 కోట్లు, గండికోటకు 77.91 కోట్లు, రామప్ప ప్రాంతానికి 73.74 కోట్లు, నల్లమలలోని సోమశిలకు 68.10 కోట్లు దక్కాయి.

వీటిలో అఖండ గోదావరి మీద నాకు ప్రత్యేకమైన ఆశ ఉంది. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన రాజమహేంద్రవరంలో గోదావరి మీద అలాగే నిలిచి ఉంది. దాన్ని నడిచి చూసే చోటుగా మలచడం, పుష్కర్ ఘాట్‌ను తీర్చిదిద్దడం ఇందులో భాగం. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. 2015 పుష్కరాల మొదటి రోజే ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటను ఆ ఊరు మరిచిపోలేదు. కాబట్టి ఇక్కడ ఖర్చుపెట్టే ప్రతి రూపాయిలో మొదటి వాటా జనం లోపలికి వచ్చే దారికి, బయటికి పోయే దారికి దక్కాలి. అందం తరువాత చూసుకోవచ్చు.

ఇన్ని కోట్లు వస్తున్నా క్షేత్రంలో మార్పు ఎందుకు కనిపించదు?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కేంద్ర పథకాల డబ్బు కట్టడానికి వస్తుంది. కట్టినదాన్ని నడపాల్సిన బాధ్యత రాష్ట్రానిది, లేదా స్థానిక సంస్థది. కట్టడం ఒకసారి చేసే పని, శిలాఫలకం పడుతుంది, ఫొటో వస్తుంది. నడపడం రోజూ చేయాల్సిన పని, దానికి జీతాలు కావాలి, కరెంటు బిల్లు కట్టాలి, మోటారు చెడితే ఆ రోజే బాగుచేయించాలి. ఆ లెక్క చాలా ప్రాజెక్టు నివేదికల్లో చివరి పేజీలో రెండు వాక్యాలకు మించదు. ఫలితం మనందరికీ తెలిసిందే. కొత్త మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. సమాచార కేంద్రంలో బల్ల ఉంటుంది, మనిషి ఉండడు. తాగునీటి యంత్రానికి ‘పనిచేయడం లేదు’ అన్న కాగితం అంటించి ఉంటుంది, ఆ కాగితం కూడా ఎండకు వెలిసిపోయి ఉంటుంది.

స్వదేశ్ దర్శన్‌పై కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక 2023లో పార్లమెంటు ముందుకు వచ్చింది. సాధ్యాసాధ్యాల అధ్యయనం చేయకుండానే పథకాన్ని మొదలుపెట్టారని అది తప్పుపట్టింది. దాని తరువాతి రూపమైన స్వదేశ్ దర్శన్ 2.0లో వలయం బదులు ఒక గమ్యాన్ని సమగ్రంగా చూడాలని, నిర్వహణ ఏర్పాటును ముందే ఆలోచించాలని మార్చారు. మార్పు సరైన దిశలోనే ఉంది. అమలు ఎలా ఉంటుందో చూడాలి.

విశాఖ దగ్గరి రుషికొండ బీచ్ ఈ విషయంలో మంచి పాఠం. 2020 అక్టోబరులో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో అదొకటి. ఈ గుర్తింపుకు నీటి నాణ్యత, భద్రత, పరిశుభ్రత వంటి 33 ప్రమాణాలు ఉంటాయి, ఏటా తిరిగి నిరూపించుకోవాలి. 2025 ఆరంభంలో నిర్వహణ సరిగా లేదన్న ఫిర్యాదులతో ఆ జెండాను తాత్కాలికంగా దించాల్సి వచ్చింది. అధికార యంత్రాంగం కదిలి, బీచ్‌ను బాగుచేశాక గుర్తింపు తిరిగి దక్కింది. కొన్నేళ్లలో మెల్లగా దిగజారింది కొన్ని వారాల్లో సరిదిద్దగలిగారంటే లోపం డబ్బుది కాదని అర్థమవుతుంది. పైనుంచి ఎవరో క్రమం తప్పకుండా తనిఖీ చేస్తున్నారు, తప్పితే గుర్తింపు పోతుంది. ఆ భయమే పని చేయించింది.

కేంద్రం తన ప్రతి పథకానికీ ఇదే పద్ధతి పెట్టాలని నా గట్టి అభిప్రాయం. మంజూరు చేసిన మొత్తంలో కొంత ఐదేళ్లపాటు ఆపి ఉంచాలి. ఏటా ఎవరికీ చెప్పకుండా తనిఖీకి వెళ్లాలి. మరుగుదొడ్లు తెరిచి ఉన్నాయా, నీళ్లు వస్తున్నాయా, చక్రాల కుర్చీ పోగలదా, రాత్రి దీపాలు వెలుగుతున్నాయా చూడాలి. బాగుంటేనే మిగతా సొమ్ము విడుదల చేయాలి. ఆ తనిఖీ నివేదికను అక్కడి గోడ మీదే అంటించాలి.

యునెస్కో గుర్తింపు ఎలా వస్తుంది? ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కటి కూడా ఎందుకు లేదు?

ప్రపంచ వారసత్వ జాబితాకు ప్రతిపాదన పంపే హక్కు దేశ ప్రభుత్వాలకే ఉంది. రాష్ట్రం గానీ, ఆలయ కమిటీ గానీ నేరుగా పంపలేవు. అదీ ఇప్పుడు ఒక దేశం ఏడాదికి ఒక్క ప్రతిపాదనే పంపగలదు. ముందుగా ఆ చోటు తాత్కాలిక జాబితాలో ఉండాలి. అంటే దేశంలోని డజన్ల కొద్దీ చోట్ల మధ్య వరుసలో నిలబడాలన్నమాట.

1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021 జులై 25న ఆ గుర్తింపు వచ్చింది. నీటిలో తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది, ఏడెనిమిది వందల ఏళ్లుగా నిగనిగలాడే నల్లరాతి నర్తకీమణులు. ఇవన్నీ మనకు ముందే తెలుసు, ప్రపంచానికి ఆధారాలతో చూపించాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి లేపాక్షి వీరభద్రాలయం, నంది 2022లో తాత్కాలిక జాబితాకెక్కాయి. 2025లో విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు చేరాయి. తెలంగాణ నుంచి ముడుమాల్ నిలువురాళ్లు కూడా అదే ఏడాది చేరాయి. తుది గుర్తింపు రావాలంటే ఆ చోటుకు రక్షణ మండలాలు, నిర్వహణ ప్రణాళిక, నిపుణుల పత్రాలు సిద్ధంగా ఉండాలి. ఎర్రమట్టి దిబ్బల చుట్టూ కట్టడాల ఒత్తిడి పెరుగుతూ పోతే ఏ పత్రమూ కాపాడలేదు.

పాత కట్టడం పక్కన మా ఇంటికి అనుమతి ఇవ్వరు. ఇదేమి న్యాయం?

బాధ నిజమైనదే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతితోనే కట్టాలి. మరమ్మతులకు కూడా అనుమతి కావాలి. చార్మినార్ లాంటి రద్దీ చోట, లేదా గండికోటలో లాగా కోట లోపలే ఊరు ఉన్నచోట, ఈ నిబంధన రోజువారీ బతుకును తాకుతుంది.

నిషేధం లేకపోతే ఇంకో పదేళ్లలో కట్టడం కనిపించకుండా పోయేది. కాబట్టి నిబంధన ఉండాలనే నేనంటాను. కానీ ఆ భారం మోస్తున్న కుటుంబాలకు ఆ కట్టడం వల్ల వచ్చే ఆదాయంలో వాటా ఉండాలి. పురావస్తు శాఖ టికెట్ల డబ్బు కేంద్ర సంచిత నిధికి వెళ్తుంది. అదే ఊళ్లోని వాళ్లకు గైడు పనులు, దుకాణాలు, వసతి గదుల నిర్వహణ ముందుగా ఇస్తే కోటను కాపాడేవాళ్లు వాళ్లే అవుతారు.

గండికోట విషయంలో మరో ప్రయత్నం జరిగింది. ‘వారసత్వాన్ని దత్తత తీసుకోండి’ పథకం కింద 2018లో ఎర్రకోటతో పాటు గండికోటలో సౌకర్యాల ఏర్పాటుకు దాల్మియా భారత్ సంస్థతో ఒప్పందం కుదిరింది. అప్పట్లో దీనిమీద దేశవ్యాప్తంగా చర్చ నడిచింది. కట్టడం యాజమాన్యం మాత్రం పురావస్తు శాఖ దగ్గరే ఉంటుంది.

విదేశీ పర్యాటకులు ఎంతమంది వస్తున్నారు? మనకంటే చిన్న దేశాలు ఎలా ముందున్నాయి?

2019లో సుమారు 1.09 కోట్ల మంది వచ్చారు. కొవిడ్‌తో 2021లో ఆ సంఖ్య 15 లక్షలకు పడిపోయింది. 2024లో సుమారు 99.5 లక్షలకు చేరింది, అంటే అయిదేళ్లు గడిచినా పాత స్థాయికి ఇంకా చేరలేదు. అదే 2024లో థాయ్‌లాండ్‌కు మూడున్నర కోట్ల మంది వెళ్లారు. వాళ్లలో మనవాళ్లు తక్కువేమీ కాదు. భారతీయులకు 2023 నవంబరులో అక్కడ వీసా అవసరం లేకుండా చేశాక హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్లడం చాలామందికి సులువైపోయింది.

మనం కూడా 2014 నవంబరులో ఆన్‌లైన్ వీసాకు తలుపు తీశాం, ఇప్పుడు 160కి పైగా దేశాలవాళ్లు ఆ పద్ధతిలో దరఖాస్తు చేయవచ్చు. అది పెద్ద ముందడుగే. అయితే వీసా తరువాత కథ విమానాశ్రయం బయట మొదలవుతుంది. టాక్సీ బేరం, కాలిబాట లేని రోడ్డు, ఒంటరి మహిళకు ఎదురయ్యే చూపులు, ఊపిరాడని గాలి. థాయ్‌లాండ్ గెలుస్తున్నది ఇక్కడే.

ప్రచారం విషయంలోనూ వెనకబడుతున్నాం. విదేశాల్లోని మన పర్యాటక కార్యాలయాలు మూతపడ్డాయి. విదేశీ ప్రచారానికి 2025-26 బడ్జెట్‌లో కేటాయింపు అంతకుముందు ఏడాదితో పోలిస్తే బాగా తగ్గింది. ఆ పనిని రాయబార కార్యాలయాలే చేస్తాయన్నది ప్రభుత్వ వాదన. వీసా కౌంటరు నడిపే సిబ్బందికి లేపాక్షి గురించి చెప్పే తీరిక ఉంటుందా అన్నది నా సందేహం.

దేశీయ పర్యాటకులు 250 కోట్లు అంటారు. జనాభానే 140 కోట్లు కదా?

లెక్కించేది మనుషులను కాదు, సందర్శనలను. ఒకే కుటుంబం ఏడాదిలో తిరుపతి, అరకు, గోవా వెళ్తే మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. 2023లో సందర్శనలు సుమారు 250 కోట్లు. తిరుమల పుణ్యమా అని ఆంధ్రప్రదేశ్ ఈ లెక్కల్లో పైవరుసలో ఉంటుంది. ఈ రంగాన్ని నిలబెడుతున్నది ఎర్రబస్సెక్కి, పులిహోర పొట్లంతో బయలుదేరే మన యాత్రికులే. వాళ్లు ఖర్చుపెట్టేది తక్కువే అయినా ఏడాది పొడవునా వస్తారు. విదేశీయుల కోసం వేసే ప్రణాళికల్లో వీళ్లకు స్నానాల గది, సామాన్ల గది, చవక వసతి గుర్తుకు రాకపోవడం నాకు కోపం తెప్పించే విషయం.

హోటలు గదుల మీద జీఎస్టీ ఎంత?

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై 5 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది. అంతకుమించిన గదులపై 18 శాతం. సామాన్యుడికి ఇది మేలే. అయితే 5 శాతం శ్లాబులో హోటళ్లకు తాము కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు, అందుకే చిన్న హోటళ్లు కొన్ని ధర పెద్దగా తగ్గించలేకపోతున్నాయి.

పర్యాటకుల భద్రతలో కేంద్రానికి ఏం పని? అది పోలీసుల పని కదా?

రోజువారీ భద్రత పోలీసులదే. నియమాలు పెట్టాల్సింది చాలాసార్లు కేంద్రమే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి వెళ్లిన పర్యాటక పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. వరద ఉద్ధృతిలో పడవ ఎలా వెళ్లింది, ఎవరు అనుమతించారు అన్న ప్రశ్నలు రాష్ట్రమంతా మారుమోగాయి. అప్పటికి దేశంలో నదుల్లో తిరిగే పడవలకు ఉన్న చట్టం 1917 నాటిది. దాని స్థానంలో 2021లో పార్లమెంటు కొత్త అంతర్గత జలయాన చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్, భద్రతా తనిఖీ, సిబ్బంది అర్హతలకు దేశమంతటా ఒకే పద్ధతి వచ్చింది. నదీ విహారానికి వెళ్లేవాళ్లు రక్షణ కోటు ఇవ్వని పడవ ఎక్కవద్దు. ఇచ్చినా చేతిలో పట్టుకుని కూర్చోవద్దు, వేసుకోండి.

పర్యాటకుల సహాయానికి కేంద్రం నడిపే నంబరు 1363. ఇరవైనాలుగు గంటలూ పనిచేసేలా హిందీ, ఆంగ్లంతో పాటు పది విదేశీ భాషల్లో దీన్ని ప్రారంభించారు. ఆ జాబితాలో తెలుగు లేదు, తమిళం, బెంగాలీ, మరాఠీ కూడా లేవు. కాశీలో దారితప్పిన మన పల్లెటూరి పెద్దావిడ ఏ భాషలో మాట్లాడాలి? దేశీయ సందర్శనలు వందల కోట్లలో ఉన్న దేశంలో ఈ లోటు పూడ్చడం ఖరీదైన పనేమీ కాదు.

మా పిల్లలకు ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి. జాతీయ ఆదాయంలో ఈ రంగం వాటా దాదాపు 5 శాతం. నేరుగా, పరోక్షంగా ఏడు కోట్లకు పైగా మందికి ఉపాధి ఇస్తున్నట్టు ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలంటే జాతీయ మండలి కింద హైదరాబాద్‌లో కేంద్ర సంస్థ ఉంది, ఇంటర్ తరువాత జాతీయ ప్రవేశపరీక్ష రాయాలి. పర్యాటక నిర్వహణ కోర్సులకు గ్వాలియర్ కేంద్రంగా ఉన్న జాతీయ సంస్థకు నెల్లూరులో శాఖ ఉంది.

ఊరు వదిలి వెళ్లలేనివాళ్లకు ఇంటి వసతి, అంటే హోమ్‌స్టే, మంచి మార్గం. 2025 బడ్జెట్‌లో వీటికి ముద్ర రుణాలు, అంటే చిన్న వ్యాపారాలకు పూచీకత్తు లేకుండా ఇచ్చే అప్పులు, ప్రకటించారు. గిరిజన గ్రామాల్లో వెయ్యి హోమ్‌స్టేల పథకంలో కొత్త గదులకు ఇంటికి 5 లక్షల వరకు, ఉన్న గదుల మరమ్మతుకు 3 లక్షల వరకు సాయం ఉంటుంది. అరకు, లంబసింగి వైపు బయటి పెట్టుబడిదారుల రిసార్టులు ఒకటొకటిగా లేస్తున్నాయి. అక్కడి ఆదివాసీ కుటుంబాలు వాటిలో గదులు ఊడ్చే కూలీలుగా మిగలకుండా, అతిథిని తమ ఇంట్లో దించుకునే యజమానులు కావాలంటే ఈ సాయం వాళ్లకు సకాలంలో అందాలి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసిన భూదాన్ పోచంపల్లిలో చూడటానికి వెళ్లేది మగ్గం నేసే ఇళ్లనే.

ఎక్కువమంది వస్తే చోటు పాడవదా? ప్రభుత్వం సంఖ్యను తగ్గించకూడదా?

కొన్నిచోట్ల తగ్గించాలి. భూటాన్ ఆ పని బాహాటంగా చేస్తుంది. విదేశీయుల నుంచి రాత్రికి 100 డాలర్లు, మన దేశం వాళ్ల నుంచి 1,200 రూపాయలు సుస్థిరాభివృద్ధి రుసుముగా తీసుకుంటుంది. 2022లో దాన్ని 200 డాలర్లకు పెంచి, జనం బాగా తగ్గడంతో మరుసటి ఏడాది సగం చేసింది. మనలాంటి దేశం రుసుముతో సామాన్యుడిని ఆపడం సరికాదు. ముందస్తు నమోదు, రోజువారీ పరిమితి, వారం మధ్యలో వచ్చేవాళ్లకు రాయితీ వంటివి వాడవచ్చు. మంచు కనిపించే శీతాకాలపు ఆదివారాల్లో లంబసింగి రోడ్డు మీద నిలిచిపోయే కార్ల వరుసను చూసినవాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

మా ఊళ్లో మంచి చోటు ఉంది. కేంద్రం దృష్టికి ఎలా తీసుకెళ్లాలి?

కేంద్ర పర్యాటక శాఖ ఊళ్ల నుంచి నేరుగా ప్రతిపాదనలు తీసుకోదు, రాష్ట్ర ప్రభుత్వం పంపినవే పరిశీలిస్తుంది. కాబట్టి మొదటి అర్జీ జిల్లా కలెక్టరుకు, జిల్లా పర్యాటక అధికారికి ఇవ్వాలి. పార్లమెంటు సభ్యుడికి ఒక ప్రతి ఇవ్వండి, ఆయన సభలో ప్రశ్న వేస్తే శాఖ రాతపూర్వకంగా జవాబు చెప్పక తప్పదు.

అర్జీలో చోటు గొప్పతనం గురించి ఒక పేరా చాలు. మిగతాది ఇలా ఉండాలి: భూమి ఎవరిది, సర్వే నంబరు ఏమిటి, అటవీ భూమా, పురావస్తు శాఖ రక్షణ ఉందా, దగ్గరి రైల్వే స్టేషను ఎంత దూరం, సెలవు రోజున ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు, నీటి వసతి ఎక్కడినుంచి తేవచ్చు. భూమి తగాదా ఉన్న చోటు గురించి ఎంత బాగా రాసినా ఫైలు కదలదు. మరో ముఖ్యమైన కాగితం పంచాయతీ తీర్మానం. కట్టాక ఎవరు ఊడుస్తారు, వాళ్లకు జీతం ఏ పద్దు నుంచి ఇస్తారు, మరుగుదొడ్డి తాళంచెవి ఏ పదవిలో ఉన్న వ్యక్తి దగ్గర ఉంటుంది అన్నది అందులో రాసి పంపండి.